కౌశికుడి నిజం, సూరత్ రహస్యం

కురుక్షేత్రంలో పదిహేడో రోజు. కర్ణుడి చేతిలో చావుదెబ్బలు తిని శిబిరం చేరిన ధర్మరాజు, కర్ణుణ్ణి చంపకుండానే తనను చూడవచ్చిన అర్జునుడి మీద మండిపడ్డాడు. ఆ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యరాదా అన్నాడు. ఆ మాట ఎవరన్నా వాళ్ల తల తీస్తానని అర్జునుడికి ఎప్పటిదో ఒక ఒట్టు. ఇచ్చిన మాట తప్పకూడదు గనక అన్నగారి మీదికే కత్తి దూశాడు. కృష్ణుడు అడ్డుపడి, మందలించి, ఒక కథ చెప్పాడు.

కౌశికుడని ఒక తపసి. నదులు కలిసే చోట ఉండేవాడు. నిజం తప్ప పలకకూడదన్నది అతని వ్రతం. ఆ పేరు నలుగురికీ తెలుసు. ఒకనాడు దొంగలు తరుముతుంటే కొందరు ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తుకొచ్చి అక్కడి చెట్ల గుబుర్లలో దూరారు. వెనకే దొంగలు వచ్చి, వాళ్లెటు పోయారని అడిగారు. కౌశికుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. దొంగలు వెళ్లి అందరినీ చంపేశారు. ఆ నిజానికి కౌశికుడికి దక్కింది నరకం.

హరిశ్చంద్రుడికి నాటకాలున్నాయి, కాటిసీనుంది, రాత్రంతా మేలుకుని విన్న పల్లెలున్నాయి. కౌశికుడికి ఇవేమీ లేవు. సత్యం అనగానే మనకు హరిశ్చంద్రుడే గుర్తొస్తాడు. అయితే హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్ల మధ్య తిరిగి పనిచేసే మనిషికి, అందులోనూ సూరత్ లాంటి వలస నగరంలో, రోజూ ఎదురయ్యేది కౌశికుడి చిక్కే. ఒక మనిషి రక్తం గురించిన నిజం ఎవరి సొత్తు? దాన్ని ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు? దాచడానికి అబద్ధమాడాల్సి వస్తే ఆడవచ్చా?

సూరత్ అంటే చాలామంది తెలుగువాళ్లకు చీరల మార్కెట్టు. తెలంగాణ నేతవాళ్లకు మాత్రం అది బతుకు వెతుక్కుంటూ పోయే మూడు దిక్కుల్లో ఒకటి. షోలాపూర్, భివండీ మిగతా రెండు. చేమగ్గం కూడు పెట్టని కాలం నుంచీ కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు పద్మశాలీలు ఇక్కడికొచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, కుదిరారు. తాతలు వచ్చారు, మనవళ్లు ఇక్కడే పుట్టారు. లింబాయత్, ఉధనా, డిండోలీ వైపు కొన్ని గల్లీల్లో తెలుగు వినబడుతుంది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ఈ నగరపాలక సంస్థ బడులు నడిపింది. వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా సూరత్‌లో దిగవచ్చు. ఊరి కబుర్లు కూడా అదే బండిలో అటూ ఇటూ తిరుగుతుంటాయి.

కొత్త నగరం మనిషిని దాచిపెడుతుందని అనుకుంటాం. ఒంటరిగా వచ్చి మెస్సుల్లో ఉండే ఒడిశా గంజాం కుర్రవాళ్ల విషయంలో అది కొంత నిజమేమో. పద్మశాలీలు అలా రాలేదు. కుటుంబాలతో వచ్చారు, ఒకరి వెనక ఒకరు, ఒకే ఊరివాళ్లు ఒకే గల్లీలో దిగారు. పక్కింటాయన మామ వరుస, ఎదురింటామె వదిన వరుస. సిరిసిల్లలో చెప్పిన మాట సాయంత్రానికి లింబాయత్‌లో వినిపిస్తుంది. పిల్లల సంబంధాలు సూరత్, భివండీ, షోలాపూర్, సొంతూళ్ల మధ్య కుదురుతాయి. ఒకరికి హెచ్‌ఐవీ అని పొక్కితే ఆగేది ఆ ఒక్కడి బతుకు కాదు, చెల్లె పెండ్లి కూడా. సూరత్‌లో తెలుగు రోగి దాస్తున్నది తన సిగ్గునొక్కదాన్నే అనుకుంటే ఈ లెక్క అర్థం కాదు.

దేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది 1986లో, చెన్నైలో. డాక్టర్ సునీతి సోలమన్, ఆమె శిష్యురాలు నిర్మల సేకరించిన రక్త నమూనాల్లో. ఆ తర్వాత పద్నాలుగేళ్లకు సూరత్ వైద్య కళాశాల పరిశోధకులు ఇక్కడి వేశ్యావాటికలో మహిళలను పరీక్షిస్తే నూటికి 43 మందిలో వైరస్ కనిపించింది. సాంచాల నగరానికి, రోడ్లకు, రైళ్లకు, ఒంటరి మగవాళ్లకు ఉన్న సంబంధం ఆ అంకెలో ఉంది. గంజాంలో హెచ్‌ఐవీ వ్యాపించడానికి సూరత్ వలసే కారణమని ఎన్నో అధ్యయనాలు రాశాయి. అధ్యయనం రాసింది వ్యాధి నడిచిన దారి గురించి. ఊరు దాన్ని మనిషి నడత గురించిన తీర్పుగా చదువుకుంది. సూరత్ నుంచి వచ్చినవాడంటే ఒక అనుమానపు చూపు.

ఆ చూపు సూరత్ వలసకూలీలకు కొత్తేమీ కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలమంది ఈ నగరం వదిలి రైళ్లెక్కినప్పుడు, దిగిన ప్రతి ఊళ్లోనూ వాళ్లను రోగం మోసుకొచ్చినవాళ్లుగానే చూశారు. మరుసటేడు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు నగరాన్ని ఊడ్చి శుభ్రం చేయించిన కథ దేశమంతా చెప్పుకుంది. మురుగుకాలువను పట్టపగలు, పదిమంది చూస్తుండగా బాగుచేయవచ్చు. అందరూ చూడటమే అక్కడ సగం మందు. హెచ్‌ఐవీ సేవ అలా కాదు. ఎవరూ చూడకుండా జరిగితేనే అది సేవ.

పని ఎలా నడుస్తుందో చూద్దాం. పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో పేరు రాయించుకోవాలి. సూరత్‌లో న్యూ సివిల్ ఆసుపత్రి లాంటి చోట్ల ఆ కేంద్రాలున్నాయి. మందు ఉచితం. 2004 ఏప్రిల్ 1న దేశంలో ఎనిమిది ప్రభుత్వ ఆసుపత్రులతో మొదలైన పథకం ఇది. రోగనిరోధక శక్తిని కొలిచే సీడీ4 లెక్క ఎంతున్నా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందు ఇవ్వాలన్న విధానం 2017లో వచ్చింది. ఇప్పుడు చాలామందికి రోజుకొక్క మాత్ర. డబ్బాలో ముప్పై. కుదురుగా వేసుకుంటున్నవాళ్లకు మూడు నెలల మందు ఒకేసారి ఇస్తారు. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష ఏటా ఉంటుంది. కౌన్సెలర్ మాట్లాడతాడు. మందు తీసుకోవడానికి రానివాళ్ల జాబితా తీస్తారు. ఆ జాబితా సంరక్షణ కేంద్రం ఔట్‌రీచ్ వర్కర్ చేతికొస్తుంది. మొదట ఫోన్, ఫోన్ ఎత్తకపోతే ఇంటికి.

ఆ ఇంటికి వెళ్లే ఘట్టంలోనే కౌశికుడు వచ్చి నిలబడతాడు. గల్లీలో కొత్త మనిషి అడుగుపెడితే అరుగుమీది నలుగురు అడుగుతారు: “ఎవరి కోసం బిడ్డా?” చెప్పాల్సిన జవాబు సిద్ధంగా ఉండాలి. “పాలసీ పైసల గురించి వచ్చిన అక్కా.” లేదా చిట్టీ, లేదా బ్యాంకు, లేదా పాత దోస్తు. మెడలో గుర్తింపు కార్డు ఉండదు, చేతిలో ఫైలు ఉండదు. ఈ పని చేసేవాళ్లు దేశమంతటా ఇలాంటి ముసుగులతోనే గుమ్మాలు తొక్కుతారు. దీన్ని ఏ శిక్షణ పుస్తకం అబద్ధమని పిలవదు, కానీ అబద్ధమే. ఆ అక్క దొంగ కాదు, ఎవరినీ చంపాలనుకోవడం లేదు. ఊరికే అడిగింది. అయినా ఆమె నోటికి ఆ నిజం అందితే సాయంత్రానికి ఒక కాపురం కూలవచ్చు. కృష్ణుడు చెప్పిన దొంగలకు కనీసం కత్తులుండేవి, గుర్తుపట్టడం తేలిక.

ఇంత దాచడం ఎందుకు? తప్పు చేయకపోతే దాపరికమెందుకని అడిగేవాళ్లు ఉన్నారు. చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవ అన్న సామెత మనకు అన్ని రోగాలకూ గుర్తురాదు. షుగరు వచ్చినవాణ్ణి చూసి ఎవరూ అనరు, హెచ్‌ఐవీ వచ్చినవాణ్ణి చూసి అంటారు. రెండువేల దశకం తొలి ఏళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోడలన్నీ ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా’ అని అడిగాయి. ఊరూవాడా ఆ ప్రశ్నను సరదాగా నోట వేసుకుంది. ప్రచారంగా అది గట్టిగా పనిచేసింది, రోగం పేరు పల్లెపల్లెకూ తెలిసింది. దాంతోపాటు ఇంకొకటి కూడా జనం మనసులో పడింది: ఇది పులిరాజాలకు, అంటే ఆడవాళ్ల వెంట తిరిగేవాళ్లకు, వచ్చే జబ్బు. అప్పటికే వందలాది ఇళ్లలో గర్భిణులు ప్రభుత్వాసుపత్రిలో మొదటి పరీక్ష చేయించుకుని, భర్తకంటే ముందు తమ ఫలితం తెలుసుకుని, ఈమే తెచ్చిందని అత్తవారితో అనిపించుకుంటున్నారు. వాళ్లు ఏ గోడ బొమ్మలోనూ లేరు.

కర్మ సిద్ధాంతాన్ని తిట్టిపోయడం సులువు. కానీ ఆ సిద్ధాంతం తన అసలు రూపంలో పక్కవాడి మీద తీర్పు చెప్పే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. ఎవరి కర్మ ఏదో, ఎప్పుడు పండుతుందో మనిషి కంటికి ఆనదని అదే చెబుతుంది. కనబడని లెక్కను చూశామని చెప్పుకోవడం మన వాడుకలో చేరిన దొంగలెక్క. గుజరాత్‌లోనే, 2011లో, జునాగఢ్ ప్రభుత్వాసుపత్రిలో రక్తమార్పిడి చేయించుకునే తలసేమియా పిల్లల్లో 23 మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు బయటపడింది. అప్పుడు రాష్ట్రమంతా పాపం పసివాళ్లన్నది. జాలి మంచిదే. అయితే ఆ పిల్లలు పాపమెరుగనివాళ్లు అని ప్రత్యేకంగా అన్న ప్రతిసారీ, పెద్దవాళ్లు ఎరిగినవాళ్లే అన్నట్టు చెప్పకుండానే చెబుతున్నాం. వైరస్‌కు ఈ రెండు జాబితాలూ తెలియవు. సేవలో కూడా తెలియకూడదు.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో శిష్యులు పుట్టుగుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులా అని యేసును అడుగుతారు. ఆయన ఆ రెండూ కాదన్నాడు, చూపు తెప్పించే పనిలోకి దిగాడు. అయినా ఇవాళ స్వస్థత కూటాల్లో సాక్ష్యం చెప్పి, దేవుడు బాగుచేశాడన్న నమ్మకంతో మాత్రలు ఆపేసేవాళ్లను తెలుగు జిల్లాల కౌన్సెలర్లు ఎరుగుదురు. తాయెత్తు కట్టించుకుని ఆపేసేవాళ్లూ ఉన్నారు. నమ్మకంతో తగవు పెట్టుకున్న కౌన్సెలర్ ఆ రోగిని పోగొట్టుకుంటాడు. ప్రార్థనా ఉండనీ, మాత్రా ఉండనీ అన్నవాడు నిలుపుకుంటాడు.

పద్మశాలీలకైతే దూరం పోనక్కర్లేదు. వాళ్లు తమ మూలపురుషుడిగా చెప్పుకునేది మార్కండేయుణ్ణి. పదహారేళ్లే ఆయుర్దాయమని రాసిపెట్టి పుట్టిన పిల్లవాడు. యముడు పాశం వేసినా శివలింగాన్ని వదలలేదు, రాత మారింది. రాతకు తలవంచని కథను కులపురాణంగా పెట్టుకున్న గల్లీల్లోనే హెచ్‌ఐవీ వచ్చినవాణ్ణి చూసి వాడి రాత అంతే అనడం వింతగా ఉంటుంది. పైగా ఇప్పుడు ఆ రాత నిజంగానే మారింది. వేళకు మందు మొదలుపెట్టి మానకుండా వేసుకున్నవాళ్ల ఆయుర్దాయం దాదాపు మామూలు మనుషులంతే.

సేవ గురించి మన ఉపఖండంలో అన్నిటికంటే పనికొచ్చే మాటలు వినయపిటకంలోని మహావగ్గంలో ఉన్నాయనిపిస్తుంది. అతిసారం పట్టి తన మలమూత్రాల్లోనే పడివున్న ఒక భిక్షువును బుద్ధుడు చూశాడు. ఎవరూ చూసుకోవడం లేదేమని అడిగితే, నేను తోటివాళ్లకు ఏ పనికీ రాను గనక అన్నాడు ఆ భిక్షువు. బుద్ధుడు ఆనందుడితో నీళ్లు తెప్పించి, ఇద్దరూ అతన్ని కడిగి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి, తనకు సేవ చేయాలనుకునేవాడు రోగికి చేయాలన్నాడు. అక్కడితో ఆగివుంటే అదొక మంచి కథ. ఆయన ఆగలేదు. ఎలాంటి రోగికి సేవచేయడం కష్టం, ఎవరు సేవకు పనికిరారు అని గుణాలు లెక్కపెట్టి చెప్పాడు. మందు వేసుకోనివాడు, పథ్యంలో మితం తెలియనివాడు, తన జబ్బు ఉన్నదున్నట్టు సేవకుడికి చెప్పనివాడు కష్టమైన రోగులు. మందు సిద్ధం చేయలేనివాడు, ఏది మంచో ఏది చెడో తెలియనివాడు, లాభం కోసం చేసేవాడు, మలమూత్రాలకు అసహ్యపడేవాడు, మంచిమాటతో ధైర్యం చెప్పలేనివాడు సేవకు పనికిరానివాళ్లు. కేస్ మేనేజర్ ఉద్యోగానికి ఇంతకంటే మంచి ప్రకటన ఇవాళ్టికీ రాయడం కష్టం.

ఆ పట్టికలో రోగి నిజం చెప్పాల్సింది సేవకుడికి. ఊరందరికీ కాదు. ఎన్నిమాత్రలు మానేశాడో, మందు ఎక్కడ దాస్తున్నాడో, ఇంట్లో ఎవరికి తెలుసో సేవచేసేవాడికి తెలియాలి. అక్కడ సత్యం పూర్తిగా కావాలి. కౌన్సెలింగ్ గది గడప దాటిన తర్వాత అదే సత్యానికి కాపలా కావాలి. మందుడబ్బా సంగతే తీసుకోండి. జేబులో పెట్టుకుంటే గలగలలాడుతుందని లోపల దూది కుక్కుతారు. లేబుల్‌ను గోటితో గీకేస్తారు, లేదా మాత్రలన్నీ విటమిన్ సీసాలోకి మారుస్తారు. డబ్బాలో తేమ పీల్చుకోవడానికి పెట్టిన చిన్న పొట్లం అప్పుడు పాతడబ్బాతో పాటు చెత్తలోకి పోతుంది. సూరత్ వానాకాలంలో, తాపీ ఒడ్డు తేమలో, అది మందుకు మంచిది కాదు. సేవకుడికి ఈ సంగతి చెబితే ఆ పొట్లాన్ని కూడా కొత్త సీసాలో వెయ్యమంటాడు. చెప్పకపోతే మందెందుకు సరిగా పనిచేయడం లేదోనని డాక్టరు తల పట్టుకుంటాడు.

ఇంతవరకూ కౌశికుడి కథ చక్కగా కుదిరింది. పెళ్లి దగ్గరికొచ్చేసరికి బెడిసికొడుతుంది.

వామనావతార ఘట్టంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి అబద్ధమాడినా పాపం లేని సందర్భాలు చెబుతాడు. ప్రాణాపాయం అందులో ఉంది, పెళ్లి కూడా ఉంది. పోతన భాగవతం చదివిన ఇళ్లలో అది నోటికొచ్చిన పాఠం. చదవని ఇళ్లలో వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్న సామెత ఉంది. జీతం కొంచెం ఎక్కువ చెప్పడం, వయసు రెండేళ్లు తగ్గించడం ఆ వెయ్యిలోకి వస్తాయి. హెచ్‌ఐవీ రాదు. ఇక్కడ చెట్ల గుబురులో దాక్కున్న మనిషి ఒకరు కాదు, ఇద్దరు. రెండో ఆమెకు తాను దాక్కోవాల్సిన అవసరముందనే తెలియదు. పైగా బలి ఆ సలహా వినలేదన్న సంగతి సామెత చెప్పేవాళ్లు మరిచిపోతారు.

ఈ చిక్కు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఒక వ్యక్తికి హెచ్‌ఐవీ ఉందన్న మాట ఆసుపత్రి నుంచి బయటికి పొక్కి, కుదిరిన పెళ్లి ఆగిపోయి, అతను సొంత ఊరొదిలి పోవాల్సివచ్చింది. ‘మిస్టర్ ఎక్స్’ పేరుతో వేసిన ఆ కేసులో 1998లో కోర్టు ఆసుపత్రి పక్షానే నిలిచింది. పెళ్లికూతురి ఆరోగ్యహక్కు ముందు అతని గోప్యత నిలవదంది. అక్కడితో ఆగక, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల వివాహహక్కు నిలిచిపోతుందన్నట్టు కూడా మాట్లాడింది. 2002లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పెళ్లి వ్యాఖ్యలు ఆ కేసుకు అవసరం లేనివని పక్కన పెట్టింది.

2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10న అమల్లోకొచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం దీనికొక దారి వేసింది. తొమ్మిదో సెక్షన్ చదివితే అది రాసినవాళ్లు కౌశికుడి కథ విన్నారా అనిపిస్తుంది. భాగస్వామికి చెప్పే అధికారం డాక్టరుకు, కౌన్సెలర్‌కు మాత్రమే. అదీ వెంటనే కాదు. భాగస్వామికి నిజంగా సోకే ముప్పుందని నమ్మకం కలగాలి. ముందు రోగికే నచ్చజెప్పాలి. అతను చెప్పడని తేలాలి. నేను చెప్పబోతున్నానని అతనికి తెలియజేయాలి. ఆ తర్వాత భాగస్వామికి ఎదురుగా కూర్చుని, కౌన్సెలింగ్ ఇచ్చి చెప్పాలి. రోగి స్త్రీ అయి, చెప్పడం వల్ల దెబ్బలో, ఇంట్లోంచి గెంటివేతో ఎదురవుతుందన్న భయముంటే చెప్పకూడదు. సత్యాన్ని ఒక్కసారిగా కక్కేయమని ఇక్కడ ఎవరూ అనలేదు. అంచెలంచెలుగా, ఎవరి మెడ మీద కత్తి ఉందో చూసుకుంటూ చెప్పమన్నారు.

మరి ముప్పే లేకపోతే? ఈ ప్రశ్న పురాణాలకు తెలియదు. 2016లోనూ 2019లోనూ ఫలితాలు వెలువడిన యూరప్ పార్ట్‌నర్ అధ్యయనాల్లో, ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మందుతో వైరస్ పూర్తిగా అణిగిన జంటల్లో, కండోమ్ లేకున్నా భాగస్వామి నుంచి సోకినట్టు తేలిన కేసు ఒక్కటీ లేదు. వైరల్ లోడ్ కనబడనంత తగ్గితే లైంగికంగా సోకదన్నది ఇప్పుడు ప్రపంచ వైద్యం ఒప్పుకున్న మాట. చట్టం అడిగే ముప్పు అక్కడ లేదు. అయినా చెప్పాలా? లింబాయత్ పెళ్లిచూపుల్లో ఈ వాదన ఎలా నిలబడుతుందో చూడాల్సిందే. ఆరోగ్యం చెడదు గనక చెప్పనక్కర్లేదనడం న్యాయవాదికి సరిపోవచ్చు. జీవితమంతా రోజూ ఒక మాత్రను దాచుకుంటూ ఒక మంచం మీద పడుకోబోయే ఇద్దరికి సరిపోదు. అలా అని ఆ నిజాన్ని కౌన్సెలర్ లాక్కొని చెప్పడం కూడా తప్పే. చెప్పే ధైర్యం రోగికి వచ్చేదాకా పక్కన నిలబడటమే మిగిలింది, దానికి ఏళ్లు పట్టినా.

ఈ ముడిని విప్పడానికి కొందరు చక్కటి అడ్డదారి కనిపెట్టారు. చెన్నైలో సునీతి సోలమన్ తన రోగులకు తానే సంబంధాలు చూసేవారు. సూరత్‌లో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లే నడిపే గుజరాత్ రాష్ట్ర నెట్‌వర్క్ వివాహ వేదికలు పెట్టింది. ఇద్దరికీ ముందే తెలుసు గనక దాచాల్సింది ఒకరి నుంచి ఒకరు కాదు, ఇద్దరూ కలిసి ఊరి నుంచి దాచుకుంటారు. విజయవాడలో గోరా కుటుంబపు నాస్తిక కేంద్రం నీడలో పుట్టిన వాసవ్య మహిళా మండలి హెచ్‌ఐవీ ఉన్న కుటుంబాలకు ఇంటికే వెళ్లి సేవచేసింది. పాపమనే మాటనే ఒప్పుకోనివాళ్లకు, రోగి గడపలో ఆ మాట ఎత్తకపోవడం బహుశా తేలికే అయివుంటుంది.

సూరత్ తెలుగు రోగికి ఇప్పుడు ఏది మారాలి? సలహాలన్నీ ఒకటే పాట పాడతాయి: దగ్గర్లో కేంద్రం, మాతృభాషలో కౌన్సెలర్, తరచూ ఇంటి సందర్శన. వినడానికి మూడూ బాగుంటాయి. మూడింటికీ గోప్యత ఎదురు తిరుగుతుంది.

భాష సంగతి. నగరంలో పుట్టినవాడికి హిందీ, గుజరాతీ వస్తాయి. ఊరి నుంచి వచ్చి ఇంటిపట్టునే చీరలకు దారాలు కత్తిరించే అత్తకు రావు. తెలుగు కౌన్సెలర్ కావాలి. కానీ సూరత్‌లో దొరికే తెలుగు కౌన్సెలర్ ఎవరి కూతురో, ఎవరి వదినో అయ్యే అవకాశమే ఎక్కువ. ఆమెను చూడగానే రోగి వెనక్కి తిరుగుతాడు. ఇక్కడ దూరమే మందు. వరంగల్‌లోనో, విజయవాడలోనో కూర్చున్న తెలుగు కౌన్సెలర్‌తో సూరత్ కేంద్రం గదిలోంచి ఫోన్లో మాట్లాడించవచ్చు. 1097 హెల్ప్‌లైన్ ఎన్నో భాషల్లో పనిచేస్తూనే ఉంది, అదే పద్ధతిని కేంద్రంలోకి తేవడమే. మరో చిక్కుంది. పన్నెండు గంటల షిఫ్టుల్లో సాంచాల రొద మధ్య ఏళ్లు గడిపినవాడికి వినికిడి మందగిస్తుంది. అతను ఫోన్లో గట్టిగా మాట్లాడతాడు, అవతలివాళ్లూ గట్టిగా చెప్పాల్సివస్తుంది. పదడుగుల అద్దెగదిలో, రేకుగోడకు అవతల ఇంకో కుటుంబం ఉన్నచోట ఆ ఫోన్ చేయడమంటే గల్లీలో దండోరా వేయించినట్టే. అతనికి ఫోన్ ఎప్పుడు చేయాలి, ఎవరి ఫోన్‌కు చేయాలి, ఇంకెవరో ఎత్తితే ఏమని చెప్పాలి అన్నవి మొదటిరోజే రోగి నోటినుంచి అడిగి రాసుకోవాలి. ఆ అబద్ధం కూడా అతనే ఎంచుకోనివ్వాలి. పాలసీ అనాలా, చిట్టీ అనాలా అన్నది ఆఫీసు నిర్ణయించే సంగతి కాదు. పాలసీ లేనివాడింటికి పాలసీ మనిషి వస్తే అరుగుమీది అక్క ఊరుకోదు.

దగ్గరితనం కూడా అంతే. ఇంటిపక్కనే మందు దొరికేలా లింక్ కేంద్రాలు పెడుతున్నది ఛార్జీలు, కూలి మిగలాలని. మంచి ఆలోచన. కానీ సొంతూరికి తిరిగిపోయిన మనిషి, ఆ ఊరి ఆసుపత్రిలో ఫార్మసిస్టు తన గల్లీవాడైతే అక్కడికి పోడు. ఇంకో జిల్లాకు బస్సెక్కి పోతాడు, లేదా సూరత్‌లోనే పేరు ఉంచుకుని మూడు నెలలకోసారి రైల్లో వస్తాడు. కాగితం మీద ఇది అర్థంలేని ఖర్చు. అతనికి మాత్రం అది రహస్యానికి కడుతున్న కిరాయి. ఎక్కడ తీసుకుంటావని అడగకుండా దగ్గరి కేంద్రానికి బదిలీ చేయడం మేలు చేయడం కాదు. 2020 లాక్‌డౌన్‌లో ఎక్కడ చిక్కుకున్నవాళ్లకు అక్కడి కేంద్రంలోనే మందు ఇమ్మన్న ఆదేశం వచ్చింది. ఆ వెసులుబాటు వలసకూలీకి ఏడాది పొడవునా కావాల్సినదే. దసరాకో, పెండ్లికో ఊరికి పోయి నెలరోజులు ఉండిపోయినవాడు మాత్రల కోసం పరుగెత్తుకు రావాల్సిన పని లేకుండా.

చట్టానికి కూడా ఒక కన్ను తక్కువ. వివక్ష మీద ఫిర్యాదు వినే అధికారి వందమంది, అంతకుమించి ఉన్న సంస్థల్లో ఉండాలంటుంది. సాంచాల షెడ్లు చాలావరకు ఆ లెక్కకు రావు. మీటరు లెక్కన కూలి తీసుకునేవాణ్ణి సేఠ్ రేపట్నుంచి రావద్దంటే కారణం చెప్పనవసరం లేదు, రాసివ్వనవసరం అసలే లేదు. రాష్ట్రానికో అంబుడ్స్‌మన్ ఉండాలని చట్టం చెప్పినా, అక్కడికి పోవాలంటే ముందు తన పేరు, తన జబ్బు తానే చెప్పుకోవాలి. కోర్టులో మారుపేరుతో నడిపే వీలు ఇచ్చిన చట్టమే, షెడ్డు గుమ్మం దగ్గర ఏ పేరూ ఇవ్వలేకపోయింది.

కేస్ మేనేజ్‌మెంట్ లెక్కలన్నీ ఎన్ని ఫోన్లు, ఎన్ని ఇళ్లు, ఎంతమందిని వెనక్కి తెచ్చారు అన్న కొలతల మీద నడుస్తాయి. నిధులిచ్చేవాళ్లకు అవి కావాలి. ఆ ఫారాల్లో ఒక గడి కనిపించదు: ఈ సందర్శన వల్ల ఎవరికైనా తెలిసిపోయిందా? జాబితాలో నెలకు పది ఇళ్లు ఎక్కువ తిరిగిన వర్కర్‌కు శభాష్ దక్కుతుంది. ఒక గుమ్మం దాకా వెళ్లి, అరుగుమీద జనం ఉన్నారని చూసి, తలుపు కొట్టకుండా వెనక్కొచ్చేసినవాడి పేరు ఎదురుగా ‘కలవలేదు’ అని పడుతుంది. ఆ గడిని చేర్చి, అలా వెనక్కొచ్చిన రోజునూ పనిగానే లెక్కగట్టి, తర్వాతి ప్రయత్నం ఆ మనిషి సెలవురోజున, అతను చెప్పిన చోట, సాంచాల షెడ్డుకు రెండు వీధుల అవతల చాయ్ బండి దగ్గర పెట్టుకునే వీలు వర్కర్‌కు ఇవ్వడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. ఫారం మార్చాలి, దాన్ని చదివే అధికారి ఎందుకు మార్చారో ఒప్పుకోవాలి.